పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సలసల కాగే బుగ్గలో, గాలి సోకని చోట

వేడినీటి బుగ్గల్లో ఆక్సిజన్ లేకుండా బతికే బాక్టీరియా గురించి వచ్చిన ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాం.

భద్రాచలం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: మాకు దగ్గర్లో గుండాల వద్ద గోదావరి ఒడ్డున ఇసుక తోడితే వేడినీళ్లు ఊరతాయి. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. మరి బుగ్గల్లో బాక్టీరియా ఎలా బతుకుతుంది? గాలి కూడా ఎందుకు వద్దంటుంది?

మరిగిస్తే చచ్చేవి మన ఒంటివేడికి అలవాటుపడ్డ క్రిములు. గుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గట్టిపడినట్టే వాటి ప్రోటీన్లు మడత విప్పుకుని ముద్దకడతాయి. బుగ్గల్లో ఉండే జీవుల ప్రోటీన్లు కూడా అవే 20 అమైనో ఆమ్లాలతో అల్లినవే. కాకపోతే అల్లిక బిగువు. ధనావేశం, రుణావేశం ఉన్న భాగాలు ఒకదాన్నొకటి పట్టుకునే లంకెలు వాటిలో ఎక్కువ, వదులుగా వేలాడే మెలికలు తక్కువ. కణం చుట్టూ ఉండే కొవ్వు పొర సంగతి ఇంకా బాగుంటుంది. మామూలు బాక్టీరియాలో ఆ పొర రెండు వరసలుగా ఉంటుంది, వేడికి వరసలు విడిపోతాయి. అమెరికాలోని ఎల్లోస్టోన్ బుగ్గల్లో దొరికిన థర్మోఅనరోబాక్టర్ ఇథనాలికస్‌లో రెండు వరసల గొలుసులు మధ్యలో అతుక్కుని, 30 కార్బన్ల ఒకే గొలుసుగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు సాగి ఉంటాయి. పొరకు కుట్లు వేసినట్టన్న మాట. అందుకే 69 డిగ్రీల దగ్గర అది హాయిగా పెరుగుతుంది, 78 దాకా ఓర్చుకుంటుంది.

ఇక గాలి సంగతి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 70 డిగ్రీల దగ్గర అందులో సగం కూడా నిలవదు. పైగా భూమి లోపలి నుంచి వచ్చే నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్, ఇనుము ఉంటే ఆ మిగిలిన కాస్తనూ అవే తినేస్తాయి. కాబట్టి వేడి బుగ్గ అడుగున ఆక్సిజన్ లేకపోవడమే రివాజు. అక్కడ పుట్టి పెరిగిన జీవులకు ఆక్సిజన్ నుంచి కాపాడుకునే ఏర్పాట్లు బలంగా ఉండవు. వాటిలో కొన్ని జీవులు చక్కెరలను పులియబెట్టి ఆల్కహాల్, అసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ వదులుతాయి. థర్మోడీసల్ఫోబాక్టీరియం లాంటివి మనం ఆక్సిజన్ వాడుకునే చోట సల్ఫేటు వాడుకుని, కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు వదులుతాయి. రష్యా ఏలుబడిలోని కునషీర్ దీవి బుగ్గల్లో దొరికిన కార్బాక్సిడోథర్మస్ అయితే మనకు విషమైన కార్బన్ మోనాక్సైడు తిని, నీటితో కలిపి హైడ్రోజన్ చేస్తుంది.

బుగ్గ అంచున కనబడే ఆకుపచ్చ, నారింజ రంగు తెట్టు ఇవి కావు. అవి ఎక్కువగా ఎండతో బతికేవి, 73 డిగ్రీలు దాటితే ఆ పని సాగదు. మనం మాట్లాడుకునేవి ఆ తెట్టు కింద, నల్లబారిన మడ్డిలో ఉంటాయి. ఆ నలుపు ఐరన్ సల్ఫైడుది. గుండాలలోనైనా ఇసుక తోడగానే పైన నిలిచే నీటిలో కాదు, కింద నల్లగా కనిపించే పొర ఉంటే అక్కడ వెతకండి.

అదే పాఠకురాలు: కళాశాల ప్రాజెక్టుకు నమూనా తేవాలంటే ఎలా? చల్లారితే చచ్చిపోతాయా?

చల్లారితే చావవు, పెరగడం ఆపుతాయి. ఫ్లాస్కులో వేడిగా తేవాలన్న తాపత్రయం అక్కర్లేదు. ఐస్ కూడా వద్దు. కావలసింది గాలి బుడగ లేని సీసా. 50 లేక 100 మి.లీ. గాజు సీసాను నీటిలో పూర్తిగా ముంచి, పొడవాటి గరిటెతో మడ్డి సగం, నీరు సగం నింపి, నీటిలో ఉండగానే బిరడా బిగించాలి. వేళ్లు కాలకుండా వేడికి ఆగే చేతి తొడుగులు, పట్టకారు దగ్గర పెట్టుకోండి. పైకి తీశాక తలకిందులు చేసి చూడండి. చిన్న బుడగ కనిపించినా వంచేసి మళ్లీ నింపండి.

ఉష్ణోగ్రత నీటిపైన కాదు, మడ్డి తీసిన చోటే థర్మామీటరు గుచ్చి రాసుకోవాలి. జానెడు దూరంలోనే అది చాలా మారిపోతుంది. 50 డిగ్రీల మడ్డి తెచ్చి 70 దగ్గర పెంచబోయి ఏమీ రాలేదని బాధపడటం ఇక్కడే మొదలవుతుంది. పీహెచ్ (నీటి పులుపును చెప్పే కొలత) కూడా అక్కడే చూడండి. బుగ్గల అంచు పైకి గట్టిగా కనిపించినా కింద డొల్లగా ఉండవచ్చు, పలక వేసుకుని దాని మీద నిలబడండి. కుళ్లిన గుడ్డు వాసన గట్టిగా వచ్చి, తర్వాత ఉన్నట్టుండి వాసన తెలియకుండా పోతే గాలి శుభ్రపడిందని అనుకోవద్దు. ఎక్కువ మోతాదులో ఆ వాయువు ముక్కునే మొద్దుబారుస్తుంది. వెంటనే గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు, ఎత్తైన చోటికి వచ్చేయండి. అటవీ భూమి అయితే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. నమూనా విదేశానికి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి లేనిదే కదపకూడదు.

హనుమకొండ నుంచి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థి: బుగ్గ మడ్డి తెచ్చి 70 డిగ్రీల దగ్గర పెంచబోయాను. రిసాజ్యూరిన్ (ఆక్సిజన్ ఉందో లేదో రంగుతో చెప్పే సూచిక) వేసిన మీడియం, అంటే బాక్టీరియాను పెంచే పోషక ద్రావణం, మరిగించినప్పుడు రంగు పోయింది. ఇంక్యుబేటర్లో పెట్టిన రాత్రికే మళ్లీ గులాబీ రంగు వచ్చింది. మూడుసార్లూ ఇంతే. వేడి చాలలేదా?

వేడికి ఏ లోటూ లేదు, గాలి చొరబడింది. ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లంతా ఉష్ణోగ్రత మీదే చూపు పెడతారు. పని చెడగొట్టేది దాదాపు ప్రతిసారీ ఆక్సిజనే. రిసాజ్యూరిన్ మొదట నీలం, తర్వాత గులాబీ, ఆక్సిజన్ జాడ పూర్తిగా పోయాక రంగులేనిది. నీలం నుంచి గులాబీకి వచ్చాక వెనక్కు పోదు. గులాబీకీ రంగులేమికీ మధ్య మాత్రం అటూ ఇటూ తిరుగుతుంది. పోయిన గులాబీ తిరిగి వచ్చిందంటే ఆ గొట్టంలో మడ్డి వేసి ఎన్నాళ్లు పెట్టినా దండగే.

ముందు బిరడా చూడండి. మామూలు ఎర్ర రబ్బరు బిరడా గుండా ఆక్సిజన్ మెల్లగా లోపలికి దూరుతుంది. 70 డిగ్రీల దగ్గర ఇంకా వేగంగా దూరుతుంది. మందంగా ఉండే బ్యూటైల్ రబ్బరు బిరడా, దాని మీద నొక్కి బిగించే అల్యూమినియం మూత కావాలి. నాలుగైదుసార్లు సూది గుచ్చిన బిరడాను మళ్లీ వాడకండి. కొవ్వొత్తి జాడీ ఈ పనికి రాదు. కొవ్వొత్తి ఆరాక కూడా అందులో చాలా ఆక్సిజన్ మిగిలి ఉంటుంది.

తర్వాత సిరంజి. ఖాళీ సిరంజిలో 1 మి.లీ. గాలి ఉందనుకోండి. అందులో ఆక్సిజన్ 0.21 మి.లీ., అంటే సుమారు 8.6 మైక్రోమోల్ (అణువుల సంఖ్యను చెప్పే కొలత). మిగిలిన ఆక్సిజన్‌ను లాగేయడానికి మీడియంలో వేసేది సిస్టీన్. ఒక్కో ఆక్సిజన్ అణువుకు నాలుగు సిస్టీన్ అణువులు ఖర్చవుతాయి, అంటే 34 మైక్రోమోల్. కింద చెప్పిన కొలతలో 10 మి.లీ. మీడియంలో పడే 5 మిల్లీగ్రాముల సిస్టీన్ హైడ్రోక్లోరైడు (మోనోహైడ్రేట్ రకం) మొత్తం 28 మైక్రోమోల్ మాత్రమే. ఒక్క సిరంజి గాలితో మీరు వేసిన సిస్టీన్ అంతా హరించుకుపోతుంది. అందుకే ప్రతిసారీ నైట్రోజన్ పీల్చి, బయటికి వదిలి, అలా మూడుసార్లు సిరంజి కడగాలి. మూడో విడత నైట్రోజన్‌ను బయటికి నెట్టేస్తూనే సూది గుచ్చాలి.

ఇక మొత్తం పద్ధతి. రాబర్ట్ హంగేట్ పశువుల పొట్టలోని జీవుల కోసం రూపొందించిన తీరే దీనికి మూలం. లీటరు నీటికి పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.75 గ్రా., డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.5 గ్రా., అమ్మోనియం క్లోరైడ్ 0.9 గ్రా., ఉప్పు 0.9 గ్రా., ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 2 గ్రా., ట్రేస్ ఎలిమెంట్స్ (అతి కొద్దిగా కావలసిన లోహాల) ద్రావణం 10 మి.లీ., 0.1 శాతం రిసాజ్యూరిన్ 1 మి.లీ. కలపండి. గ్లూకోజు, మెగ్నీషియం ఇందులో వేయకండి. గ్లూకోజు ఫాస్ఫేటుతో కలిసి ఆటోక్లేవ్ (ఆవిరి పీడనంతో క్రిములను చంపే పాత్ర) వేడికి గోధుమ రంగు తిరిగి పాడవుతుంది, మెగ్నీషియం ఫాస్ఫేటుతో కలిసి అడుగున తెల్లగా పేరుకుంటుంది.

ఐదు నుంచి పది నిమిషాలు బాగా మరగనిచ్చి, పొంగు ఆగగానే నైట్రోజన్ గొట్టం అడుగుదాకా దించి, బుడగలు వస్తూండగానే చల్లార్చాలి. చల్లారేటప్పుడే నీరు గాలిని తిరిగి పీల్చుకుంటుంది కనుక ఈ పావుగంటా గ్యాస్ ఆగకూడదు. సిలిండర్ 99.999 శాతం స్వచ్ఛత ఉన్నదైతే నేరుగా వాడవచ్చు. అంతకన్నా తక్కువ రకమైతే 350 డిగ్రీలకు వేడెక్కించిన రాగి తురుము గొట్టం గుండా పంపాలి. రాగి నల్లబడితే అది తినగలిగినంత ఆక్సిజన్ తినేసిందని గుర్తు. హైడ్రోజన్ కలిసిన గ్యాస్ పంపితే మళ్లీ ఎర్రబడుతుంది. హైడ్రోజన్ మండుతుంది గనక ఆ పని గాలి లాగేసే హుడ్ కింద, తెలిసినవాళ్లు పక్కన ఉండగా చేయాలి.

గొట్టానికి 10 మి.లీ. చొప్పున పోసి, పైనున్న ఖాళీలోకి కూడా నైట్రోజన్ ఊదుతూ బిరడా నొక్కండి. వాక్యూమ్ పంపు ఉంటే గాలి లాగి గ్యాస్ నింపడం నాలుగైదుసార్లు చేయండి. లేకపోతే రెండు సూదులు గుచ్చి, ఒకదాని గుండా గ్యాస్ పంపుతూ రెండోదాని గుండా పది నిమిషాలు బయటికి పోనివ్వండి. 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి. పీడనం సున్నాకు దిగేదాకా మూత తీయకండి, తొందరపడితే బిరడాలు ఎగిరిపోతాయి, గాజు పగలవచ్చు.

తర్వాత గొట్టానికి విడివిడిగా శుద్ధి చేసిన 20 శాతం గ్లూకోజు 0.25 మి.లీ., 2 శాతం మెగ్నీషియం క్లోరైడు 0.1 మి.లీ., 5 శాతం సిస్టీన్ హైడ్రోక్లోరైడు 0.1 మి.లీ., 5 శాతం సోడియం సల్ఫైడు 0.1 మి.లీ. వేయండి. ఈ ద్రావణాలన్నీ కూడా నైట్రోజన్ కిందే తయారవ్వాలి. సోడియం సల్ఫైడు పలుకుల మీద తెల్లటి పొర ఉంటే అది గాలికి పాడైన భాగం. నీటితో చప్పున కడిగి, కాగితంతో అద్ది, లోపలి నిగనిగలాడే పలుకే తూచండి. దాన్ని ఆమ్లానికి దూరంగా ఉంచండి, కలిస్తే విషవాయువు పుడుతుంది. సల్ఫైడు వేయగానే మీడియం కాస్త నల్లబడితే కంగారు వద్దు. అది ట్రేస్ ఎలిమెంట్స్‌లోని ఇనుము.

గులాబీ పూర్తిగా పోయాకే మడ్డి నీళ్లు 1 మి.లీ. వేయండి. ఒక గొట్టం ఏమీ వేయకుండా పక్కన పెట్టండి. అది రాత్రంతా రంగులేకుండా ఉంటే మీ బిరడాలు నమ్మకమైనవి. పెరుగుదల 24 నుంచి 72 గంటల్లో తెలుస్తుంది. ద్రవం మసకబారుతుంది, సిరంజి గుచ్చితే లోపలి గ్యాస్ దాని కడ్డీని పైకి నెడుతుంది. పెరిగిన గొట్టాన్ని అలాగే వారం రోజులు ఉంచితే చూసేసరికి తేటపడి ఉంటుంది. ఆమ్లం పేరుకుని కణాలు పగిలిపోవడమే కారణం. మసక కనిపించిన రోజో, మర్నాడో పదో వంతు కొత్త గొట్టంలోకి మార్చండి.

పీహెచ్ విషయంలో ఒక హెచ్చరిక. పీహెచ్ నిలకడగా ఉంచడానికి ఫాస్ఫేటుకు బదులు ట్రిస్ బఫర్ వాడారంటే, వేడి పెరిగే ప్రతి డిగ్రీకీ అది 0.028 చొప్పున పడిపోతుంది. గదిలో 7.5 ఉన్నది 70 డిగ్రీల దగ్గర 6.2 అవుతుంది. ఫాస్ఫేటుకు ఈ బాధ చాలా తక్కువ. విడి కాలనీలు కావాలంటే మీడియాన్ని గట్టిపరిచే మామూలు అగార్ 70 దగ్గర కరగదు గానీ నీరు వదిలి కాలనీలను చెరిపేస్తుంది. దాని బదులు మెగ్నీషియం కలిపిన 0.8 శాతం గెలాన్ గమ్ గట్టిగా నిలుస్తుంది. శుద్ధ వంగడం అనుకునే ముందు ఒక్క కాలనీ నుంచి తీసి పెంచడం మూడుసార్లు చేయండి.

రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: హిమాచల్ ప్రదేశ్‌లోని మణికరణ్‌లో బుగ్గ నీటిలో ఉడికించిన అన్నం తిన్నాం. ఆ నీటి బాక్టీరియాతో ప్రమాదం ఉందా మాస్టారూ?

లేదండీ. 70, 80 డిగ్రీలకు అలవాటుపడ్డ జీవి మన 37 డిగ్రీల కడుపులో చలికి బిగుసుకుపోయినట్టే. వీటిలో మనిషికి జబ్బు చేసేది ఏదీ తెలియదు. జాగ్రత్త పడవలసింది గోరువెచ్చని మడుగుల దగ్గర. 46 డిగ్రీల దాకా పెరిగే నెగ్లేరియా ఫౌలేరి అనే అమీబా ముక్కులోకి పోయిన నీటితో మెదడుకు చేరుతుంది. అది చాలా అరుదు, వస్తే మాత్రం ప్రాణాంతకం. అలాంటి నీటిలో తల ముంచకుండా స్నానం చేయండి, పిల్లలను దూకనివ్వకండి.

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక పాడి రైతు: మాది రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు. 55 డిగ్రీల దగ్గర గ్యాస్ రెట్టింపు వేగంగా వస్తుందని విన్నాను. వేడి బుగ్గల బాక్టీరియా తెచ్చి వేస్తే పనికొస్తుందా?

తెచ్చి వేయనక్కర్లేదు. పేడలోనే వేడిని ఇష్టపడే జీవులు కొద్దిపాటిగా ఉంటాయి, వెచ్చదనం నిలకడగా దొరికితే అవే పెరుగుతాయి. బుగ్గల్లోని చక్కెర పులియబెట్టే బాక్టీరియాకు మీథేన్ చేయడం రాదు. ఆ పని మీథేన్ చేసే వేరే జీవులది.

వేగం మాట నిజం. 30 నుంచి 40 రోజుల పని 15 రోజుల్లో అవుతుంది. కానీ ఒక లెక్క చూడండి. రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు వేస్తారు. ఆ 100 కిలోల జావను 28 నుంచి 55 డిగ్రీలకు తేవాలంటే 11 మెగాజౌళ్ల వేడి కావాలి. మీ రెండు ఘనపు మీటర్ల గ్యాస్‌లో ఉన్నది మొత్తం 40 మెగాజౌళ్లు. పొయ్యి వేడిలో సగమే జావకు చేరుతుంది గనక 22 మెగాజౌళ్ల గ్యాస్ దీనికే పోతుంది. గోడల గుండా పోయేది అదనం. సగానికి పైగా గ్యాస్ గ్యాస్‌ను పుట్టించడానికే ఖర్చు. ఇంటి ప్లాంటుకు ఇది గిట్టుబాటు కాదు. జనరేటర్ ఇంజను వదిలే వేడి ఊరికే దొరికే పెద్ద ప్లాంట్లకే 55 డిగ్రీల పద్ధతి.

ఆ పద్ధతిలో జీవులు సున్నితం కూడా. రోజులో రెండు డిగ్రీల తేడా వచ్చినా మీథేన్ చేసేవి వెనకబడతాయి, ఆమ్లం చేసేవి ముందుకు పోతాయి. పులుపు పెరిగి మంట ఆరిపోతుంది. కోళ్ల పెంట కలిపితే ఇంకో చిక్కు. పీహెచ్ 7.5 దగ్గర అమ్మోనియాలో విషమైన భాగం 35 డిగ్రీల వద్ద 3 శాతమైతే 55 వద్ద 11 శాతం అవుతుంది.

చలికాలంలో గ్యాస్ తగ్గడం మీ అసలు బాధ అయితే, జావ కలిపే నీటిని ఎండలో నల్ల డ్రమ్ములో పెట్టి మధ్యాహ్నం వేయండి, డోమ్ చుట్టూ వరిగడ్డి మందంగా పరవండి. 35 డిగ్రీల దగ్గరికి చేరితే చాలు.

హైదరాబాద్ నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్: పీసీఆర్‌లో (డీఎన్ఏకు నకళ్లు తీసే పద్ధతి) వాడే టాక్ ఎంజైమ్ ఈ అవాయు (ఆక్సిజన్ లేకుండా బతికే) బాక్టీరియాదేనా?

కాదు. థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ ఎల్లోస్టోన్‌లో కనుగొని 1969లో ప్రకటించిన థర్మస్ ఆక్వాటికస్ ఆక్సిజన్ పీల్చే జీవి. నకలు తీసేటప్పుడు తప్పులు దిద్దుకునే పీఎఫ్‌యూ ఎంజైమ్ మాత్రం ఆక్సిజన్ లేకుండా 100 డిగ్రీల దగ్గర పెరిగే పైరోకాకస్ ఫ్యూరియోసస్‌ది. ఇటలీలోని వుల్కానో దీవి తీరంలో వేడెక్కిన సముద్రపు మడ్డి నుంచి తీసి 1986లో ప్రకటించారు. అది బాక్టీరియా కూడా కాదు, ఆర్కియా అనే వేరే ఏకకణ జీవుల వర్గం.

పుట్టగొడుగుల డబ్బాల కర్మాగారం నుంచి ఒక సూపర్‌వైజర్: రిటార్ట్ (మూసిన డబ్బాలను ఆవిరి పీడనంతో వేడిచేసే యంత్రం) సరిగ్గానే నడిచింది. వేసవిలో గోదాములో కొన్ని డబ్బాలు ఉబ్బాయి. 37 డిగ్రీల దగ్గర పరీక్షిస్తే ఏమీ పెరగలేదు. ఎందుకు?

ముందుగా ఒక మాట. ఉబ్బిన డబ్బాను బాట్యులిజం (ప్రాణాంతకమైన ఆహార విషం) కాదని తేలేదాకా అదేనని భావించాలి. రుచి చూడకండి, ఆ లాట్ బయటికి పంపకండి.

37 దగ్గర పెరగక, 55 దగ్గర గాలి లేకుండా పెంచితే గ్యాస్ వస్తే థర్మోఅనరోబాక్టీరియం థర్మోసాకరోలిటికమ్‌ను అనుమానించండి. దాని స్పోరులు (గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపాలు) 121 డిగ్రీల రిటార్ట్‌ను తట్టుకోగలవు. ఆ తర్వాత డబ్బా వెచ్చగా ఉన్నంతసేపూ మొలకెత్తి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడు వదులుతాయి. లోపలి సరుకు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వస్తూ డబ్బా ఉబ్బకపోతే అది ఇంకోటి, డీసల్ఫోటోమాక్యులమ్ నైగ్రిఫికన్స్. అది వదిలే వాయువు నీటిలో కరిగి, డబ్బా ఇనుముతో కలిసిపోతుంది కనుక ఉబ్బు కనిపించదు.

రిటార్ట్ వేడి పెంచి వీటిని చంపాలని చూస్తే పుట్టగొడుగులు మెత్తబడి పాడవుతాయి. మందు చల్లార్చడంలో ఉంది. రిటార్ట్ అవగానే డబ్బా నడిమధ్య 40 డిగ్రీలకు దిగేదాకా నీటితో చల్లార్చండి. వెచ్చగా ఉండగానే పేర్చిన దొంతరలో లోపలి డబ్బాలు రోజుకు పైగా వేడిగా ఉంటాయి, వీటికి కావలసింది ఆ ఒక్క రోజే. గోదాము 35 డిగ్రీలు దాటకుండా చూసుకోండి, రేకుల కప్పు కిందికి దగ్గరగా పేర్చకండి. స్పోరులు వచ్చేది పుట్టగొడుగులకు అంటిన మట్టి నుంచి, చక్కెర, పిండి పదార్థాల నుంచి. పెరిగేది మీ బ్లాంచింగ్ (డబ్బాలో నింపే ముందు వేడినీటిలో ముంచి తీసే) తొట్టిలో. షిఫ్టు మధ్యలో 55, 60 డిగ్రీల దగ్గర నీరు అలా నిలిచిపోతే అదే వాటికి బుగ్గ. పని జరిగేటప్పుడు 77 డిగ్రీలకు పైన ఉంచండి, పని ఆగితే నీరు పూర్తిగా వదిలేసి, అడుగున పేరుకున్న జిగురు గీకి కడిగి, మర్నాడు కొత్త నీటితో మొదలుపెట్టండి.